కడుపులోని బిడ్డ, ఇంటిలోని పొగ: బొగ్గుబావుల నేల చెప్పే చరిత్ర

గర్భిణి పొగ తాగితే పుట్టబోయే బిడ్డ మానసిక ఆరోగ్యం దెబ్బతింటుందా? ఈ ప్రశ్నను గోదావరిఖని, రామగుండం ప్రాంతాల కుటుంబాల ముందు పెడితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: "మా ఇళ్లలో ఆడవాళ్లు సిగరెట్లు తాగరు కదా, ఈ సంగతి మాకెందుకు?" ఆ జవాబులో కొంత నిజం ఉంది. 2016-17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పొగ తాగే స్త్రీలు నూటికి ఇద్దరే. కానీ అదే సర్వే ఏదో ఒక రూపంలో పొగాకు వాడే స్త్రీలు నూటికి 14 మంది అని, ఇంట్లోనే ఇతరుల పొగ పీల్చవలసి వస్తున్న పెద్దలు నూటికి 38 మందికి పైగా అని కూడా చెప్పింది. అంటే గర్భంలోని శిశువును పొగాకు చేరే దారులు సిగరెట్టు ఒక్కదానితో ఆగిపోవు. నమలే పొగాకు ఒక దారి. బీడీలు చుట్టే చేతులు మరొక దారి. భర్త కాల్చే బీడీ మూడో దారి. బొగ్గుబావుల ప్రాంతంలో ఈ మూడు దారులూ ఎలా ఏర్పడ్డాయో, వైద్యశాస్త్రం వాటి ప్రమాదాన్ని ఎంత ఆలస్యంగా, ఎన్ని వాదోపవాదాల మధ్య గుర్తించిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బొగ్గు దొరికిన లోయ

1871లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో బొగ్గు ఉత్పత్తి మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. ఇల్లెందు, బెల్లంపల్లి, కొత్తగూడెం తరువాత గోదావరి ఒడ్డున రామగుండం వంతు వచ్చింది. 1960ల ఆరంభంలో అక్కడ గనులు తెరుచుకున్నాయి. బొగ్గుబాయి చుట్టూ పెరిగిన ఊరికి నది పేరు, గని పేరు కలిసి గోదావరిఖని అయింది. తరువాత విద్యుత్ కేంద్రాలు, ఎరువుల కర్మాగారం వచ్చాయి. 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ థర్మల్ కేంద్రం 1983 నుంచి విద్యుత్తు ఇవ్వడం మొదలుపెట్టింది. సేద్యం గిట్టుబాటు కాని పల్లెల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి కూడా యువకులు ఇక్కడికి తరలివచ్చారు. ఒక తరంలోనే పల్లె పట్టణమైంది.

ఆ పట్టణంలో స్త్రీకి దొరికిన స్థానం ఏమిటి? బ్రిటిష్ ఇండియా గనుల్లో స్త్రీలు భూగర్భంలో పని చేయడాన్ని 1930ల చివర పూర్తిగా నిషేధించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బొగ్గు అవసరం పెరగడంతో 1943లో ఆ నిషేధాన్ని సడలించి, 1946లో తిరిగి విధించారు. స్వాతంత్ర్యం తరువాత 1952 నాటి గనుల చట్టం దాన్ని దేశమంతటికీ స్థిరపరచింది. పురుషుడు గనిలోకి దిగాడు. స్త్రీ క్వార్టరులో, గుడిసెలో, పొయ్యి దగ్గర మిగిలింది. గని కాలనీల్లో వంటకు బొగ్గే ఇంధనంగా ఉన్న కాలంలో ఆమె రోజూ పొయ్యి పొగలోనే గడిపింది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చి, గ్యాసు వాడకం పెరిగిన తరువాత ఆ పొగ చాలా వరకు తగ్గింది. పొగాకు పొగ మాత్రం ఇంట్లో మిగిలిపోయింది.

గనిలో నిషేధం, ఇంటిలో స్వేచ్ఛ

భూగర్భ గనిలో మీథేన్ వాయువు ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, విస్ఫోటనం జరగడానికి. అందుకే బీడీ, సిగరెట్టు, అగ్గిపెట్టె కిందికి తీసుకుపోవడం నేరం. గనిలోకి దిగేముందు కార్మికుల జేబులు తడిమి చూడడం నిబంధన. భద్రత దృష్ట్యా ఇది ఎంతో సమంజసమైన నియమం. కానీ వ్యసనం నియమాలతో ఆగదు, రూపం మార్చుకుంటుంది. పొగ తాగడానికి వీల్లేని ఎనిమిది గంటల పాళీలో నోట్లో పెట్టుకునే ఖైనీ, జర్దా, అంబర్, ఆ తరువాతి కాలంలో గుట్కా ఆ లోటు తీర్చాయి. పాళీ ముగిసి పైకి వచ్చాక ఎనిమిది గంటల కోరిక బీడీ మీదికి, సిగరెట్టు మీదికి మళ్లింది. నైట్ షిఫ్టు దిగివచ్చిన మనిషి స్నానం చేసి, ఇంట్లోనే మంచం మీద కూర్చొని వరసగా రెండు మూడు బీడీలు కాల్చడం గని కాలనీల్లో ఎవరికీ వింత కాదు.

ఇక్కడొక విపర్యాసం ఉంది. గనిలో ఒకడు నిప్పు వెలిగిస్తే తోటి కార్మికులందరికీ ప్రమాదమని గుర్తించి సంస్థ, సంఘం, చట్టం ముగ్గురూ కలిసి ఆపారు. ఇంట్లో వెలిగే నిప్పు పక్కనున్న గర్భిణికి, ఆమె కడుపులోని శిశువుకు ప్రమాదమని గుర్తించడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. బహిరంగ స్థలాల్లో ధూమపానాన్ని నిషేధించే నియమాలు 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చాయి. ఆసుపత్రి, బస్టాండు, కార్యాలయం అన్నీ ఆ నియమాల కిందికి వచ్చాయి. ఇల్లు రాలేదు, రావడం సాధ్యం కాదు కూడా. అక్కడ చట్టం చేయలేని పని ఇంటివారి అవగాహనే చేయాలి.

తునికాకు, బీడీ, చుట్ట

గోదావరి లోయకు నేలలో బొగ్గు ఎలాగో అడవిలో తునికాకు అలాగ. ఎండాకాలంలో ఆదిలాబాదు, కరీంనగర్, వరంగల్, ఖమ్మం ఉమ్మడి జిల్లాల అడవుల్లో గిరిజన కుటుంబాలు కోసి కట్టలు కట్టే ఆ ఆకే బీడీకి పైచుట్టు. లోపలి పొగాకు ఎక్కువగా గుజరాత్ నుంచి, కర్ణాటకలోని నిప్పాణి ప్రాంతం నుంచి వస్తుంది. చుట్టే చేతులు మాత్రం మన ఆడవారివి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల్లో వేలాది ఇళ్లలో అరుగు మీద చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టడం ఆడపిల్ల నేర్చుకునే మొదటి సంపాదన విద్య అయింది.

బీడీలు చుట్టే స్త్రీ పొగ తాగకపోవచ్చు. కానీ రోజంతా ఆమె వేళ్లకు పొగాకు పొడి అంటుతుంది, ఊపిరిలోకి దాని ధూళి వెళ్తుంది. నికోటిన్ నీటిలోనూ కొవ్వులోనూ కరిగే పదార్థం. చర్మం గుండా కూడా శరీరంలోకి చేరుతుంది. అందుకే బీడీ కార్మికులను పరీక్షించినప్పుడు, పొగాకు అలవాటు లేనివారి మూత్రంలో సైతం నికోటిన్ తాలూకు అవశేషమైన కొటినిన్ కనిపించింది. గర్భం ధరించాక కూడా ఈ పని ఆగదు. కూర్చొని చేసే పని కాబట్టి ఇదే తేలిక అనుకొని నెలలు నిండేవరకు చుట్టేవారు ఎందరో. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ప్రసూతి ప్రయోజన చట్టాన్ని వీరికి వర్తింపజేసింది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి ఏర్పడింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఆసరా పింఛన్లలో బీడీ కార్మికులకూ చోటు దక్కింది. ఇవన్నీ మంచి చర్యలే. అయితే జీతం, సెలవు, పింఛను అనే లెక్కల్లో ఆమె శరీరంలోకి చేరే నికోటిన్ ప్రస్తావన చాలాకాలం లేదు.

ఇక చుట్ట. చుట్టబడినది కాబట్టి చుట్ట అయింది. పొగాకు మొక్క పోర్చుగీసు వర్తకుల ద్వారా దక్షిణ భారతానికి వచ్చినా, తెలుగు నేల దాన్ని ఎంత సొంతం చేసుకుందో చెప్పడానికి ఈ మాటే సాక్ష్యం. తెలంగాణ పల్లెల్లో వయసు మళ్లిన అవ్వలు చుట్ట కాల్చడం, పళ్లకు నశం రాసుకోవడం నిన్నమొన్నటి దాకా ఎవరూ తప్పుపట్టని అలవాటు. పొలం పనిలో ఆకలి తెలియకుండా ఉండడానికి, పంటి పోటు తగ్గడానికి, మలబద్ధకానికి ఇది మందని నమ్మేవారు. గర్భిణికి వికారం తగ్గుతుందని చిటికెడు పొగాకు నోట్లో పెట్టుకోమనే సలహా కూడా ఆ నమ్మకాల వరసలోనిదే.

తెలుగు స్త్రీలపై జరిగిన తొలి పరిశోధనలు

స్త్రీలు, పొగాకు అనే అంశంలో ప్రపంచ వైద్య సాహిత్యానికి తెలుగు నేల ఇచ్చిన అధ్యాయం ఒకటి ఉంది. ఉత్తర కోస్తాలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల్లో చుట్టను వెలిగించిన వైపు నోట్లో పెట్టుకొని కాల్చే అలవాటును అడ్డపొగ అంటారు. ఇది స్త్రీలలోనే ఎక్కువ. పిల్లలకు పాలిస్తూ, నీళ్లు మోస్తూ, గాలికి చుట్ట ఆరిపోకుండా కాల్చుకోవడానికి ఇది వీలుగా ఉంటుందని వారు చెప్పేవారు. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని 1945లో ముంబయికి చెందిన ఖనోల్కర్, సూర్యాబాయి, 1957లో గోవిందరెడ్డి, రావు వైద్య పత్రికల్లో వివరించారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా తదితరులు ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణులను ఇంటింటా పరీక్షించి ప్రచురించిన అధ్యయనంలో సుమారు 44 శాతం మందికి అడ్డపొగ అలవాటు ఉన్నట్లు తేలింది.

ఇంత పెద్ద అధ్యయనాల్లో వైద్యులు చూసినది స్త్రీ నోరు, అంగిలి. అదే స్త్రీ గర్భవతిగా ఉన్నప్పుడు అదే చుట్ట కాల్చిందని, ఆమె పిల్లలు ఎలా పుట్టారో, ఎలా పెరిగారో చూడవలసి ఉందని ఆ కాలపు వైద్యానికి తోచలేదు. ఇది ఆ పరిశోధకుల లోపమని అనలేం. ప్రపంచమంతా అప్పుడే ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టింది.

గర్భస్థ శిశువు లెక్కలోకి వచ్చిన రోజులు

1957లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వినియా సింప్సన్ అనే వైద్యురాలు 7,499 మంది బాలింతల వివరాలు సేకరించి, పొగ తాగే తల్లులకు నెలలు నిండకుండా పుట్టే బిడ్డలు దాదాపు రెట్టింపు అని చూపారు. సిగరెట్ల సంఖ్య పెరిగే కొద్దీ ఆ ముప్పు పెరిగింది. 1958 మార్చిలో బ్రిటన్‌లో ఒక వారంలో పుట్టిన సుమారు 17,000 మంది శిశువుల వివరాలు నమోదయ్యాయి. నెవిల్ బట్లర్, హార్వే గోల్డ్‌స్టెయిన్ తదితరులు 1972లో ఆ సమాచారాన్ని విశ్లేషించారు. పొగ తాగే తల్లుల బిడ్డలు తక్కువ బరువుతో పుట్టారు, వారిలో మరణాలూ ఎక్కువ. అయితే నాలుగో నెల రాకముందే మానేసిన తల్లుల బిడ్డలు పొగ తాగని తల్లుల బిడ్డలతో సమానంగా ఉన్నారు. ఈ రెండో ఫలితమే మనకు ముఖ్యం. మానడానికి ఆలస్యమైపోలేదని గర్భిణికి ధైర్యంగా చెప్పగల మాట అది.

అందరూ వెంటనే ఒప్పుకోలేదు. 1971లో యెరుషల్మీ అనే గణాంక నిపుణుడు ఒక గట్టి అభ్యంతరం లేవనెత్తారు: బిడ్డ బరువు తగ్గడానికి కారణం పొగా, లేక పొగ తాగే స్త్రీల జీవన పరిస్థితులూ స్వభావమూ వేరుగా ఉండడమా? తండ్రి పొగ తాగినా బిడ్డ బరువులో తేడా కనిపిస్తున్నదని ఆయన చూపారు. అదే సంవత్సరం ఒక పెద్ద సిగరెట్టు కంపెనీ అధినేత టెలివిజన్‌లో మాట్లాడుతూ, చిన్న బిడ్డలనే ఇష్టపడే స్త్రీలు ఉంటారని చమత్కరించాడు. అయితే యెరుషల్మీ ప్రశ్నను వ్యాపారి చమత్కారంతో కలిపి చూడకూడదు. ఆ ప్రశ్నకు 1984లో సెక్స్‌టన్, హెబెల్ జరిపిన ప్రయోగం జవాబు చెప్పింది. పొగ తాగే 935 మంది గర్భిణులను లాటరీ పద్ధతిలో రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మానడానికి ప్రత్యేక సహాయం అందించారు. ఆ సహాయం పొందినవారి బిడ్డలు సగటున 92 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు. స్వభావాలూ పరిస్థితులూ రెండు భాగాల్లోనూ ఒకే తీరున ఉన్నాయి కనుక, బరువులో తేడాకు కారణం పొగేనని తేలింది.

మన దేశపు ప్రశ్న వేరు. ఇక్కడి స్త్రీలు ఎక్కువగా నమిలే పొగాకు వాడతారు. 2004లో ప్రకాశ్ గుప్తా, శ్రీవిద్య ముంబయిలో 1,217 మంది గర్భిణులను కాన్పు వరకు గమనించి ప్రచురించిన ఫలితం ఇది: పొగ లేని పొగాకు వాడిన తల్లుల బిడ్డల బరువు సగటున 105 గ్రాములు తక్కువ. నెలలు నిండని కాన్పులూ వారిలో ఎక్కువే. పొగ లేదు కాబట్టి హాని లేదనే నమ్మకానికి ఇది ముగింపు. భర్త పొగ విషయానికి వస్తే, 2008లో అప్పటికి ఉన్న అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు, ఇతరుల పొగ పీల్చిన గర్భిణుల బిడ్డలు సగటున 33 గ్రాములు లేక అంతకు కొంచెం ఎక్కువ బరువు కోల్పోతున్నట్లు తేలింది. చిన్న అంకెగా కనిపించవచ్చు. కానీ రక్తహీనతతో, తక్కువ ఆహారంతో ఇప్పటికే రెండున్నర కిలోల గీత దగ్గర ఉన్న బిడ్డకు ఆ కొద్ది గ్రాములే గీతకు ఈవలా ఆవలా తేడా అవుతాయి.

మనసు సంగతి: ఎంత తెలుసు, ఎంత తేలలేదు

బరువు తూచవచ్చు. మనసును తూచడం కష్టం. అందుకే ఈ రెండో అధ్యాయం మరింత ఆలస్యంగా, మరింత చిక్కుగా సాగింది.

1973లో బట్లర్, గోల్డ్‌స్టెయిన్ అదే 1958 నాటి పిల్లలను 7, 11 ఏళ్ల వయసులో పరిశీలించి, గర్భంలో ఉండగా తల్లి రోజుకు పది లేక అంతకు ఎక్కువ సిగరెట్లు తాగిన పిల్లలు చదువులో, లెక్కల్లో 3 నుంచి 5 నెలలు వెనకబడి ఉన్నారని రాశారు. 1990లలో అమెరికాలో వేక్‌షలాగ్ తదితరులు మగపిల్లల్లో తీవ్రమైన మొండితనం, దుడుకు ప్రవర్తనతో, మిల్బర్గర్ తదితరులు ఏకాగ్రత లోపం, అతిచురుకుదనంతో సంబంధం చూపారు. 1999లో కోపెన్‌హేగన్‌లో పుట్టిన 4,169 మంది పురుషుల రికార్డులు చూసిన బ్రెనన్ బృందం, గర్భంలో పొగ ఎక్కువగా సోకినవారిలో పెద్దయ్యాక నేర ప్రవర్తన ఎక్కువని చెప్పింది. 2016లో ఫిన్లాండులో నియమేలా బృందం తల్లుల మాట మీద ఆధారపడకుండా, గర్భకాలంలో తీసి దాచిన వారి రక్తంలోని కొటినిన్‌ను కొలిచింది. నికోటిన్ అధికంగా సోకిన పిల్లల్లో స్కిజోఫ్రెనియా సంభావ్యత సుమారు 38 శాతం ఎక్కువగా కనిపించింది.

ఇది జరగడానికి తగిన శారీరక మార్గాలూ ఉన్నాయి. నికోటిన్ మాయను సులభంగా దాటుతుంది. తల్లి రక్తంలో కంటే శిశువు వైపు దాని గాఢత కొంచెం ఎక్కువే ఉంటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ శిశువు రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. మెదడు కణాలు ఎక్కడ నిలవాలి, ఎవరితో కలవాలి అని నిర్దేశించే రసాయన సంకేతాల్లో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. ఆ సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు గర్భం తొలి నెలల్లోనే శిశువు మెదడులో ఏర్పడతాయి. నికోటిన్ వాటినే పట్టుకుంటుంది. వేళ కాని వేళ వచ్చిన తప్పుడు సంకేతంలా పని చేస్తుంది. జంతువులపై జరిగిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది.

అయితే యెరుషల్మీ ప్రశ్న ఇక్కడ మళ్లీ తలెత్తింది, ఈసారి మరింత బలంగా. పొగను మానలేని తల్లికి ఏకాగ్రత లోపం, కుంగుబాటు, పేదరికం ముందే ఉంటే, బిడ్డకు వచ్చినది పొగ నుంచా, రక్తసంబంధం నుంచా, ఇంటి పరిస్థితి నుంచా? దీన్ని తేల్చడానికి పరిశోధకులు రెండు తెలివైన దారులు కనిపెట్టారు. ఒకటి, తోబుట్టువులను పోల్చడం. ఒకే తల్లి ఒక గర్భంలో పొగ తాగి, మరొక గర్భంలో మానేస్తే ఆ ఇద్దరు పిల్లల మధ్య తేడా చూడవచ్చు. 2014లో స్వీడన్‌లో ఎనిమిది లక్షలకు పైగా పిల్లల రికార్డులతో ఇలా చూసినప్పుడు ఏకాగ్రత లోపం విషయంలో ఆ తేడా కనిపించకుండా పోయింది. 2017లో తీవ్ర మానసిక వ్యాధుల విషయంలోనూ తోబుట్టువుల మధ్య సంబంధం బాగా బలహీనపడింది. రెండోది, కృత్రిమ గర్భధారణ ద్వారా పుట్టిన పిల్లలను చూడడం. అండం మరొక స్త్రీది అయినప్పుడు కన్న తల్లికీ బిడ్డకూ జన్యు సంబంధం ఉండదు. 2009లో బ్రిటన్ పరిశోధకులు ఇలా చూస్తే, పొగ వల్ల బరువు తగ్గడం జన్యు సంబంధం ఉన్నా లేకున్నా కనిపించింది. దుడుకు ప్రవర్తన మాత్రం జన్యు సంబంధం ఉన్నచోటే కనిపించింది.

మరి దీని సారం ఏమిటి? బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండని కాన్పు, మృతశిశు జననం, ఊయలలోనే ఆకస్మిక మరణం: వీటికి పొగాకు కారణమని చెప్పడానికి ఇక సందేహించనక్కరలేదు. మానసిక వ్యాధుల విషయంలో సంబంధం ఉంది, కానీ అందులో పెద్ద భాగం కుటుంబంలో ముందునుంచే ఉన్న కారణాలది. నేరుగా పొగ వాటా ఎంతో ఇంకా చర్చలోనే ఉంది. అయినా ఒక దారి మాత్రం గట్టిగా నిలిచే ఉంది. నెలలు నిండకుండా, మరీ తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో నేర్చుకోవడంలో, ఏకాగ్రతలో, మానసిక స్థితిలో ఇబ్బందులు ఎక్కువ. పొగాకు ఆ తొలి మెట్టును కదిలిస్తే పై మెట్లు స్థిరంగా ఉంటాయని అనుకోలేం.

ఈ చరిత్ర మనకు ఏం నేర్పుతుంది

మొదటిది, తల్లిని నిందించవద్దు. బడిలో కుదురుగా కూర్చోలేని పిల్లవాణ్ణి చూసి "నువ్వు కడుపుతో ఉన్నప్పుడు నశం రాసుకున్నావు, బీడీలు చుట్టావు, అందుకే" అని తల్లిని అనడానికి శాస్త్రం అనుమతించదు. ఆమె చుట్టిన బీడీల కూలి మీదనే ఆ ఇల్లు నడిచి ఉండవచ్చు. ఒక పిల్లవాడి విషయంలో ఇదే కారణమని ఏ వైద్యుడూ చెప్పలేడు. నింద మోసిన తల్లి తరువాతి గర్భంలో అలవాటును దాస్తుంది, దాచినచోట సహాయం అందదు.

రెండోది, తండ్రి పాత్రను లెక్కలోకి తేవాలి. మన ప్రాంతంలో గర్భిణికి సోకే పొగ ఎక్కువగా ఆయన బీడీదే. భార్య నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి ఇంటి గడప లోపల బీడీ వెలిగించకూడదన్న నియమం పెట్టుకోవాలి. కిటికీ తెరిచి కాల్చడం చాలదు. గడప బయట కాల్చడం కొంత నయం. మానేయడమే మేలు. గనిలోకి అగ్గిపెట్టె తీసుకుపోని క్రమశిక్షణ ఉన్న కార్మికుడికి ఇది అసాధ్యమైన నియమం కాదు.

మూడోది, అడగడం. గర్భిణీ పరీక్షకు వచ్చిన ప్రతి స్త్రీని పొగాకు వాడకం గురించి, ఇంట్లో పొగ గురించి అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫారసు చేసింది. "సిగరెట్ తాగుతారా?" అని అడిగితే లేదనే జవాబే వస్తుంది. "నశం, జర్దా, అంబర్ వాడతారా? బీడీలు చుడతారా? ఇంట్లో ఎవరు కాలుస్తారు?" అని అడిగితే నిజం బయటకు వస్తుంది. ఆశా కార్యకర్తలూ ఏఎన్ఎంలూ ఈ మూడు ప్రశ్నలు అడిగితే అదే పెద్ద మేలు.

నాలుగోది, బీడీ చుట్టే గర్భిణులు చేయదగినవి. వీలైతే గర్భకాలంలో, ముఖ్యంగా తొలి నెలల్లో, పని ఆపడం ఉత్తమం. అది కుదరకపోతే గాలి ఆడే చోట కూర్చోవాలి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి. తినేముందు, పిల్లలను ఎత్తుకునేముందు సబ్బుతో చేతులు కడగాలి. పొగాకు నిల్వను పడకగదికి దూరంగా ఉంచాలి. ప్రసూతి ప్రయోజనం చట్టం ఇచ్చిన హక్కు, అడిగి తీసుకోవాలి.

ఐదోది, ఆలస్యమైందని ఆగిపోవద్దు. నాలుగో నెలకు ముందు మానితే దాదాపు పూర్తి మేలు దక్కుతుంది. ఆ తరువాత మానినా బిడ్డకు మేలే. మానడానికి సలహా కావాలంటే జాతీయ పొగాకు విరమణ సహాయ కేంద్రం 1800-11-2356 నంబరులో ఉచితంగా దొరుకుతుంది. నికోటిన్ చూయింగ్ గమ్ములు, బిళ్లలు గర్భిణులు సొంతంగా వాడకూడదు, వైద్యుల సలహా తప్పనిసరి.

చివరగా, ఇప్పటికే పుట్టి పెరుగుతున్న పిల్లల సంగతి. కడుపులో ఏం జరిగినా బిడ్డ భవిష్యత్తు అక్కడితో తేలిపోదు. మంచి ఆహారం, పలకరింపు, ఆట, బడి, ఇంట్లో ప్రశాంతత మెదడును మలుస్తూనే ఉంటాయి. మాటలు ఆలస్యమైనా, ఏకాగ్రత లేకపోయినా, ప్రవర్తన ఇబ్బంది పెడుతున్నా 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల వరకు పరీక్షలు ఉచితం. మానసిక ఇబ్బందులకు టెలి మానస్ 14416 నంబరు ఉంది. "మొండివాడు", "మందమతి" అని ముద్ర వేయక ముందే ఒక్కసారి చూపించండి.

బొగ్గు ధూళి, సిలికా ధూళి కార్మికుడి ఊపిరితిత్తులకు చేసే హానిని గుర్తించడానికి, దానికి పరిహారం రాబట్టడానికి ఈ నేల ప్రజలు తరాల తరబడి పోరాడారు. ఆ ఎరుకను పాళీ ముగిసి ఇంటికి వచ్చాక కూడా వెంట తెచ్చుకుంటే చాలు. గనిలో తోటివాడి ప్రాణం కోసం జేబులోని బీడీ బయట వదిలి వెళ్లే మనిషి, ఇంట్లో ఇంకా కళ్లు తెరవని బిడ్డ కోసం ఆ పని చేయలేడని నేను అనుకోను.